రాఫ్లీసియా ఆర్నాల్డీ: ఒక పుష్పజాతి వర్ణన వెనుక చరిత్ర

వృక్షశాస్త్రంలో ఒక మొక్కను చూడటం, సేకరించడం, వర్ణించడం మూడు వేర్వేరు పనులు. కొత్త జాతికి శాస్త్రంలో స్థానం లభించేది దానిని మొదట ఎవరు చూశారన్న దానిని బట్టి కాదు, లక్షణ వర్ణనతో కూడిన పేరు ఎప్పుడు, ఎక్కడ ప్రచురితమైందన్న దానిని బట్టి. ప్రపంచంలోని విడిపువ్వులన్నింటిలో పెద్దదైన సుమత్రా దీవి పుష్పం రాఫ్లీసియా ఆర్నాల్డీ చరిత్ర ఈ భేదాన్ని స్పష్టంగా చూపుతుంది. ఆ పేరులో ఇద్దరు ఆంగ్లేయులున్నారు. పుష్పం శాస్త్రానికి చేరిన దారిలో మాత్రం అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

ప్రచురణకు నోచుకోని తొలి పరిశీలన

ఈ ప్రజాతికి చెందిన మొక్కను చూసిన తొలి యూరోపియన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెంచి వైద్యుడు లూయీ ఓగుస్త్ దెషాం. అదృశ్యమైన నావికుడు లా పెరూజ్‌ను వెదకడానికి 1791లో బయలుదేరిన దాంత్రకాస్తో నౌకాయాత్రలో ఆయన సభ్యుడు. ఆ యాత్ర జావాలో విచ్ఛిన్నమైన తరువాత ఆయన అక్కడే ఉండి వృక్షాలను అధ్యయనం చేశాడు. జావా దక్షిణ తీరాన ఉన్న నుసాకంబంగన్ దీవిలో 1797లో ఈ పుష్పాన్ని సేకరించాడు. స్వదేశానికి తిరిగి వెళుతుండగా ఆంగ్లేయులు ఆయన కాగితాలను స్వాధీనం చేసుకున్నారు. చిత్రాలు, వివరాలు సిద్ధంగా ఉన్నప్పటికీ అవి అచ్చుకాలేదు. అందువల్ల నామకరణ నియమాల దృష్టిలో ఆ పరిశీలనకు ప్రాధాన్యం లేకపోయింది.

మన్నా నదీతీరం, 1818

ఈస్టిండియా కంపెనీ తరఫున బెంకూలెన్ పాలకుడిగా 1818లో వచ్చిన స్టాంఫర్డ్ రాఫిల్స్ వెంట ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నౌకాదళ వైద్యుడు జోసెఫ్ ఆర్నాల్డ్ ఉన్నాడు. ఆ ఏడాది మే నెలలో రాఫిల్స్ దంపతులతో కలిసి మన్నా నది వెంబడి లోపలి ప్రాంతానికి వెళ్ళినప్పుడు, పూలో లెబ్బార్ అనే చోట మలయా సేవకుడొకరు పరుగున వచ్చి పొదలో ఒక అద్భుతమైన పువ్వు ఉందని ఆర్నాల్డ్‌కు చెప్పి అక్కడికి తీసుకువెళ్ళాడు. ఈ సంగతిని తన లేఖలో నమోదు చేసినవాడు ఆర్నాల్డే. అయితే ఆ లేఖలో సేవకుని పేరు లేదు.

ఆర్నాల్డ్ కొలతల ప్రకారం పుష్పం అడ్డుకొలత ఒక గజం, బరువు 15 పౌన్లు, అంటే దాదాపు 7 కిలోలు. మధ్యనున్న పాత్ర వంటి భాగంలో 12 పైంట్ల ద్రవం పట్టవచ్చని ఆయన అంచనా వేశాడు. చెడిన మాంసం వంటి వాసనను, దానిపై ముసిరిన ఈగలను కూడా ఆయన గమనించాడు. సాక్షులు లేకుండా తానొక్కడే చూసి ఉంటే ఈ కొలతలు చెప్పడానికి జంకేవాడినని రాసుకున్నాడు.

ఆ లేఖ పూర్తి కాకముందే, 1818 జూలైలో, ఆర్నాల్డ్ పదాంగ్‌లో జ్వరంతో మరణించాడు. ఆయన మొదలుపెట్టిన చిత్రం పూర్తి కావడంలో సోఫియా రాఫిల్స్ పాత్ర ఉంది. చిత్రం, లేఖ, నమూనాలు లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. ఆయన వాటిని రాబర్ట్ బ్రౌన్‌కు అప్పగించాడు.

బ్రౌన్ వర్ణన, దాని పరిమితులు

సుమత్రాలో అడుగుపెట్టని బ్రౌన్ 1820 జూన్ 30న లండన్ లిన్నియన్ సొసైటీలో తన పత్రాన్ని చదివాడు. అది ఆ సంస్థ ట్రాన్సాక్షన్స్ 13వ సంపుటంలో ఫ్రాన్సిస్ బౌవర్ చిత్రాలతో వెలువడింది. ప్రజాతి పేరు రాఫిల్స్‌ను, జాతి పేరు ఆర్నాల్డ్‌ను స్మరిస్తాయి.

ఈ వర్ణన క్లిష్టమైనది. మొక్కకు కాండం లేదు, ఆకులు లేవు. పువ్వు ఒక తీగ వేరును అంటిపెట్టుకొని ఉంది. ఆ పువ్వు తీగదేనా, లేక తీగపై బతికే పరాన్నజీవిదా అన్న ప్రశ్నను చర్చించి, బ్రౌన్ రెండవ నిర్ణయానికి వచ్చాడు. ఆతిథేయిని ఆయన సిస్సస్‌గా గుర్తించాడు. తెలుగువారికి తెలిసిన నల్లేరు కూడా ఆ ప్రజాతిదే. ఇప్పుడు ఆ తీగలను అదే ద్రాక్ష కుటుంబంలోని టెట్రాస్టిగ్మా ప్రజాతిలో చేర్చారు. బ్రౌన్‌కు అందింది పురుష పుష్పం మాత్రమే. అండాశయం కనిపించనందువల్ల ఆ మొక్క ఏ కుటుంబానికి చెందుతుందో తేల్చడం ఆయనకు సాధ్యపడలేదు. స్త్రీ పుష్పం, ఫలం గురించి 1834లో మరొక పత్రం చదివాడు. అంటే, పేరు స్థిరపడిన పద్నాలుగేళ్ళ తరువాత గాని వర్ణన పూర్తి కాలేదు.

బెంకూలెన్‌లోనే పనిచేసిన విలియం జాక్ కూడా ఈ మొక్కను అధ్యయనం చేసి దానికి రాఫ్లీసియా టైటాన్ అని పేరు పెట్టాడు. జీవించి ఉన్న మొక్కకు దగ్గరలో ఉండి పనిచేసిన ఆ యువ వైద్యుడు 1822లో మరణించాడు. ఆయన సేకరణలు 1824 ఫిబ్రవరిలో రాఫిల్స్ ప్రయాణిస్తున్న ఫేమ్ నౌకతో పాటు దగ్ధమయ్యాయి. ఆయన పెట్టిన పేరు నేడు పర్యాయనామంగానే మిగిలింది.

స్థానిక నామాల ప్రశ్న

యూరోపియన్లు రాకముందే ఈ పువ్వుకు పేర్లున్నాయి. సుమత్రా లోపలి ప్రాంతంలో దానిని క్రుబుత్ అనేవారని, దయ్యపు తాంబూలపు పెట్టె అనే అర్థమిచ్చే మరొక పేరు కూడా ఉండేదని నాటి ఆంగ్లేయులే నమోదు చేశారు. స్థానికులకు మొక్క తెలుసు, దాని తావు తెలుసు. వారికి అవసరం లేనిది ప్రపంచంలోని ఇతర మొక్కలతో దానిని పోల్చి వర్గీకరించే పద్ధతి. బ్రౌన్ సమకూర్చినది దానినే. ఆ కృషి విలువను తగ్గించనవసరం లేదు. అయితే స్థానిక నామాన్ని శాస్త్రీయ నామంలో నిలపడం నాడు అసాధ్యమేమీ కాదు. దెషాం చూసిన నుసాకంబంగన్ జాతిని 1825లో వర్ణించిన బ్లూమె దానికి రాఫ్లీసియా పట్మా అని పేరు పెట్టాడు. పట్మా అన్నది అక్కడి వాడుక మాట. దాని మూలం సంస్కృత పద్మమే. ఇండోనేసియాలో ఆర్నాల్డీకి నేటి వాడుక పేరు పద్మ రాక్సాసా, అంటే రాక్షస పద్మం. 1993లో ఆ దేశం దానిని జాతీయ పుష్పాలలో ఒకటిగా ప్రకటించింది.

వర్ణన తరువాతి కాలం

బ్రౌన్ తేల్చలేకపోయిన బంధుత్వ ప్రశ్నకు సమాధానం దొరకడానికి జన్యు పరిశోధనలు రావలసివచ్చింది. చిన్నచిన్న పువ్వులుండే ఆముదం కుటుంబం నుంచే రాఫ్లీసియా వంశం చీలిందని 2007లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. ఈ ప్రజాతిలో నేడు 40కి పైగా జాతులు గుర్తింపు పొందాయి. ఆతిథేయి తీగ, అది పెరిగే అడవి రెండూ నిలిస్తే తప్ప వీటికి మనుగడ లేదు. చాలా జాతులు ప్రమాదంలో ఉన్నాయి.

రాఫ్లీసియాను కనుగొన్నది ఎవరన్న ప్రశ్నకు ఒకే పేరు చెప్పడం చారిత్రకంగా సరికాదు. ఎరుక సుమత్రా, జావా వాసులది. ప్రజాతి తొలి సేకరణ దెషాంది. ఆర్నాల్డీ జాతిని చూపినది పేరు నమోదుకాని మలయా సేవకుడు, కొలిచినది ఆర్నాల్డ్, ప్రచురించినది బ్రౌన్. నామకరణ నియమావళి వీటిలో చివరిదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. పేర్ల స్థిరత్వానికి ఆ నియమం అవసరం. శాస్త్రచరిత్ర రచన మాత్రం ఆ ఒక్క గడికే పరిమితం కానవసరం లేదు. ఆర్నాల్డ్ లేఖలో సేవకుని గురించి ఉన్న ఆ కొద్ది మాటలు కూడా ఈ జాతి వర్ణన చరిత్రకు ఆధారపత్రమే.