ముప్పదింట ఒక పాలు

పన్ను ఎంత ఉండాలి అన్న వాదం వచ్చినపుడెల్లా నా మనస్సు మోటుపల్లికి పోతుంది. నేటి బాపట్ల జిల్లాలో, చీరాలకు చేరువలో, కడలి ఒడ్డున ఉన్న చిన్న ఊరది. కాకతీయుల నాడు గొప్ప రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయశాసనం కలదు. కాలం శక సంవత్సరం 1166, అనగా క్రీ.శ. 1244-45.

అంతకు ముందు రాజుల ఆచారం వినదగినది. గాలివానకు చిక్కి ఒడ్డున పడ్డ ఓడ కనబడితే చాలు, అందులోని బంగారం, ఏనుగులు, గుఱ్ఱాలు, రత్నాలు సర్వం బలిమిని లాగుకొనేవారట! ఆపదలో ఉన్నవానిని కాపాడవలసిన చేయి వాని మూటమీద పడేదన్నమాట. ధనం ప్రాణంకంటె మిన్న అనిపించే ఆ సముద్రవర్తకులకు, నిర్ణీతమైన సుంకం తప్ప మరేదీ తీసుకొనబోనని గణపతిదేవుడు మాట ఇచ్చినాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పదింట ఒకటి. పిదప గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, పోకలు మొదలైన సరకుల జాబితా. నన్ను మిక్కిలి ఆకర్షించేది ఈ జాబితాయే. రేటు రాతిమీద చెక్కి రేవులో నిలిపిన పిమ్మట సుంకరి నోటిమాటకు తావు లేదు.

దయతో ఇట్లు చేసితినని రాజు చెప్పుకొన్నాడు. దయ ఉండవచ్చు, లెక్క కూడ ఉన్నది. భయపడిన ఓడ మరొక రేవు చూసుకొంటుంది. సేనకు గుఱ్ఱాలు కావలె. పొలం దున్నేవాడు మాత్రం ఎక్కడికీ పోలేడు. ఇల్లరి, పుల్లరి కట్టేవాని మాట ఈ అభయంలో లేదు. ఆ పుల్లరి పేరే 1922లో పలనాట కన్నెగంటి హనుమంతు ప్రాణం తీసినది.

1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి ఇదే రేవులో మరొక శాసనం వేయించి, కొడుకులు లేక మరణించినవాని సొత్తును రాజు తీసుకొనే ఆపుత్రికదండాన్ని తొలగించినాడు.

పోలేనివారు సైతం ఒకమారు పోయి చూపించినారు. అదీ ఈ చుట్టుపట్లనే. 1919లో చీరాల పేరాలలను మునిసిపాలిటీ చేయగా పన్నులు పలురెట్లు పెరిగినవి. పారిశుద్ధ్యం కొరకే అన్నది ప్రభుత్వం. ఆ మాట పూర్తిగా అబద్ధమనను. ఊరికి మురుగుకాలువ అక్కరలేదని ఎవరనగలరు? అయితే ఇచ్చేవారిని అడుగలేదు. ఇచ్చేవారిలో నేతపనివారు, బీదలు ఎందరో. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట జనంలో అత్యధికులు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామ్‌నగర్ పేర పాకలు వేసుకొన్నారు. అక్కడ కాపలా రామదండుది, తగవులు తీర్చుకొన్నది తామే. సర్కారుకు పన్ను ఇయ్యనన్నవారే అక్కడ ఊరి బరువు మోసినారు. ఎండకు ఎండి, వానకు తడిసి దాదాపు పదకొండు నెలలు నిలిచినారు. దుగ్గిరాలవారు చెరసాల పాలైనారు. చేతిలో సొమ్ము చాలక జనం తిరిగి ఇండ్లకు చేరినారు. మునిసిపాలిటీ ఉండనే ఉన్నది.