నిలబడి పరుగెత్తే బండి

అద్దంకి అనగానే పండితులకి క్రీ.శ. 848 నాటి పండరంగని పద్యశాసనం గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒంగోలు బాడుగలకు తిరిగిన అంబాసిడరు కార్లూ, వాటి ఇంజన్ల చప్పుళ్లూ గుర్తొస్తాయి. పండితులు క్షమింతురు గాక!

ఆ చప్పుళ్లలో ఒకటి మరీ వింతది. బండి కదలదు, డ్రైవరు కాలు యాక్సిలేటరు మీద ఉండదు. అయినా ఇంజను ఎవరో తరుముతున్నట్టు గోల పెడుతుంది. "రేజవుతోంది మేస్త్రీ!" అనేవాడు డ్రైవరు. ఇది నవ్వులాట కాదు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాక పెట్రోలు ధర మండిపోయింది. బండి ఊరికే నిలబడి తాగే ప్రతి చుక్కా బాడుగవాడి పిల్లల కంచంలోంచి తీసిందే.

పెట్రోలు ఇంజను జోరు అది పీల్చే గాలిని బట్టి ఉంటుంది. ఆ గాలికి తలుపూ, పెట్రోలుకి కొలతా కార్బొరేటరులోనే ఉంటాయి. అంబాసిడరుకు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు. ఆ వంశంతోపాటే ఎస్.యు. కార్బొరేటరూ మనకొచ్చింది. ఎస్.యు. అంటే స్కిన్నర్స్ యూనియన్. ఆ స్కిన్నర్ల ఇంటి వ్యాపారం ఏమిటనుకున్నారు? చెప్పులు! అందుకే కాబోలు తొలి కార్బొరేటర్లలో తోలు తిత్తి పెట్టారు, మన కమ్మరి కొలిమి దగ్గర ఉండేలాంటిదే. తర్వాత దాని చోట లోహపు పిస్టను వచ్చింది.

తలుపు మూసినా ఇంజను ఆగనంటోందంటే గాలి దొంగదారిన వస్తోందన్నమాట, లేదా తలుపే పూర్తిగా పడడం లేదు. తొందరపాటు మనిషి వెంటనే స్క్రూ తిప్పి చప్పుడు తగ్గించేవాడు. గట్టి మేస్త్రీ ముందు చోకు చూసేవాడు. ఎస్.యు.లో చోకు లాగితే పెట్రోలు జెట్టు కిందికి దిగుతుంది, గాలి తలుపూ కాస్త తెరుచుకుంటుంది. తీగె ఇరుక్కుంటే నల్లపొగ, పెట్రోలు కంపు. పొగ లేకుండా పరుగు మాత్రమే ఉంటే, జానెడు రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని రెండో కొస మెనిఫోల్డు చుట్టూ తిప్పేవాడు. బుస్సుమన్న చోట సబ్బు నీళ్లు. ఇంజను స్వరం మారిందా, అక్కడే ప్యాకింగు పోయింది. కొందరు పెట్రోలే చల్లేవారు. వేడి ఇంజను మీద అది చితి పేర్చుకోవడమే. ఇక తలుపు తిరిగే స్పిండిలు అరిగితే దాని పక్కల నుంచీ గాలి దూరుతుంది. అక్కడ ఒక చుక్క నూనె వేస్తే క్షణం సేపు ఇంజను నెమ్మదిస్తుంది. కొత్త బుష్షులు వేశాకే, ఇంజను బాగా వేడెక్కాకే, స్క్రూ జోలికి వెళ్లేవాడు.

ఈ దొంగగాలికి జతగా పెట్రోలు రాదు. మిశ్రమం పలచబడి వాల్వులు మాడతాయి. స్క్రూ తిప్పి ఊరుకున్నవాడి బండికి ఆ ఖర్చు తర్వాత తగిలేది.

2000 తర్వాత పొగ నిబంధనలు బిగిసేకొద్దీ కార్బొరేటరు తప్పుకుంది. 2014లో అంబాసిడరు తయారీ కూడా ఆగిపోయింది. ఇప్పుడు గాలిని కంప్యూటరు కొలుస్తుంది, రోగానికి కోడు నంబరు చూపిస్తుంది. చిల్లు ఎక్కడో మాత్రం వెతుక్కోవలసిందే. అందుకు పెద్ద షెడ్లలో ఇంజను ఆపి, గాలి గొట్టంలోకి పొగ పంపి, అది ఎక్కడ బయటికొస్తుందా అని టార్చిలైటు పట్టుకుని చూస్తారు.