బొబ్బిలి ఎన్నిక, ‘రైతు బిడ్డ’

గూడవల్లి రామబ్రహ్మం అనగానే అందరికీ ‘మాలపిల్ల’ గుర్తొస్తుంది. మరుసటేడు, 1939లో, ఆయనే తీసిన ‘రైతు బిడ్డ’ సంగతి అడిగితే మా విజయనగరంలో పాత సినిమాల పిచ్చి ఉన్నవాళ్లు కూడా తల గోక్కుంటారు. మాటలు రాసిన గోపీచంద్, పాటలు రాసిన కొసరాజు కృష్ణా, గుంటూరు వైపు వాళ్లు. మనకేటి సంబంధం అనుకుంటారేమో. నా మటుకు నాకది సగం ఉత్తరాంధ్ర సినిమా.

కథ చిన్నదే. నర్సిరెడ్డి అనే రైతు. షావుకారు దగ్గర అప్పు, నెత్తిన జమీందారు. ఎన్నికలొస్తే జమీందారు మనిషిని కాదని రైతుల మనిషి వైపు నిలబడతాడు. అక్కణ్ణుంచి కష్టాలు. ఆ వేషం బళ్లారి రాఘవది. నాటకాల్లో అంత పేరున్న నటుడు రైతు వేషానికి ఒప్పుకోవడమే నాకు గొప్పగా తోస్తుంది.

రెండేళ్ల ముందు ఈ కథ బొబ్బిలిలో నిజంగానే జరిగింది. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన జస్టిస్ పార్టీ నాయకుడు, బొబ్బిలి రాజా, 1937 ఎన్నికల్లో తన సొంత గడ్డ మీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. అప్పుడు గుర్తులు కావు, రంగు పెట్టెలు. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. శాసనసభలో 215 స్థానాలకు 159 ఆ పెట్టెకే వచ్చాయి. రాజుగారి ఊళ్లో రాజుగారికి ఎదురుగా ఓటెయ్యడమంటే ఇవాళ మనకు అర్థమయ్యే ధైర్యం కాదు.

మా తాత అప్పటి మనిషే, ఒక జమీలో రైతు. ఎన్నికల మాటెత్తేవాడు కాదు గానీ శిస్తు మాటొస్తే ఊరుకునేవాడు కాదు. “కట్టీసినాక రసీదు ఇవ్వకపోతే మళ్లీ వచ్చి అడిగీవోరు. ఏటి సూపిస్తాం?” అనేవాడు. ఫసలీ 1347 నాటి రసీదొకటి చనిపోయేదాకా మడత విప్పకుండా ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు.

ఆ కోపం ఊళ్లలో ఊరికే ఉండలేదు. ఇచ్ఛాపురం నుంచి బయల్దేరిన రైతుల యాత్ర తొమ్మిది జిల్లాల మీదుగా 130 రోజుల్లో 1,500 మైళ్లకు పైగా నడిచి, దారిపొడవునా అర్జీలు పోగుచేసి, 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు అందించింది. అదే ఏడు ప్రకాశం పంతులు కమిటీ, భూమికి హక్కుదారు రైతేనని తేల్చింది. సినిమాలో పాడి నటించిన టంగుటూరి సూర్యకుమారి ఆయన తమ్ముడి కూతురే.

ఈ సినిమాకి డబ్బు పెట్టిన సారథి ఫిలిమ్స్ వారి వెనక ఉన్నది చల్లపల్లి రాజా. జమీందారు సొమ్ముతో జమీందారీ మీద సినిమా! మిగతా జమీందార్లకది మింగుడుపడలేదు. బొబ్బిలి, వెంకటగిరి వాళ్లు ఎదురు తిరిగారు, చివరికి నిషేధమూ పడింది. పల్లెటూరి సినిమాకి ఈ గతి మనకే కాదు. చెకొస్లోవాకియాలో వొయ్‌తేఖ్ యాస్నీ తన ఊరి రైతుల మీద తీసిన సినిమాకి 1969లో కాన్స్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి ఇచ్చారు. సొంత దేశంలో దాన్ని బొమ్మ పడకుండా తొక్కిపెట్టారు.

సినిమా వచ్చిన మరుసటేడు, 1940 ఏప్రిల్ 1న, మందస జమీలోని గుడారి రాజమణిపురంలో రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాన గున్నమ్మ అక్కడే చనిపోయింది. జమీందారీల రద్దు చట్టం రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది, 1948లో.

సినిమా నడక నెమ్మది. పాటలు ఎక్కువే. ఈ కాలం పిల్లలు పది నిమిషాలకే ఫోన్లు తీస్తారు, తెలుసు. అయినా పలాస, బొబ్బిలి, రాజాం కాలేజీల్లో చరిత్ర చెప్పే మేష్టర్లని ఒకటే అడుగుతున్నాను. ముందు ఇచ్ఛాపురం యాత్ర గురించి, గున్నమ్మ గురించి ఒక గంట చెప్పండి. ఆ తర్వాత ఈ సినిమా వెయ్యండి.