బంతి లేనివారి ఆట

ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖానుకు ఆంతరంగిక పరిచారకుడై యుండి దుకాణము నడిపిన ఆల్బర్ట్ ఆబిద్ పేర హైదరాబాదునందు ఆబిడ్స్ పేట వెలసినది. 1907లో రైలు స్టేషను వచ్చిన పిదప నాంపల్లి నగరమునకు ముఖద్వారమైనది. 1938లో పబ్లిక్ గార్డెన్సునందు మొదలై 1946లో నాంపల్లి మైదానమునకు తరలివచ్చిన నుమాయిష్ అను ప్రదర్శన, ఏటేటా జనవరి రాగానే వేలకొలది జనులను అచ్చటికి రప్పించుచున్నది. వర్తకమునకును వినోదమునకును ఆటపట్టైన ఈ రెండు పేటల చెంతనే, నిజాము కళాశాలకు ఎదురుగా, ఫతే మైదానము కలదు. 1687 నాటి గోలకొండ ముట్టడిలో మొగలు సేనలు అచ్చట విడిసెననియు, విజయానంతరము దాని కా పేరు వచ్చెననియు చెప్పుదురు. 1967లో అది లాల్ బహదూర్ స్టేడియముగా మాఱినది. మైదానమున ఆట చూచి వచ్చిన కుఱ్ఱవాడు, ఆ సాయంకాలమే ఆబిడ్స్ సందులోని వీడియో గేమ్ షాపునకు పోయి, అరగంటకింత యని రుసుము చెల్లించి, తెరపై మఱియొక ఆట నాడిన కాలమొకటి యుండెను. ఆట తెరకెక్కునపుడు అందలి యే యంశము ముందుగా వచ్చును, ఏది కట్టకడపట వచ్చును అను ప్రశ్నకు ఈ నగరపు చరిత్రయందు చక్కని సమాధానము దొరకును.

హైదరాబాదు ఫుట్‌బాలు ప్రాభవమునకు మూలపురుషుడైన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచే బడిపంతులు. 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దినవా డాయనయే. 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఏషియా క్రీడలలో భారతదేశము స్వర్ణము నార్జించినదియు, 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచినదియు ఆయన శిక్షణముననే. ఆయన కుఱ్ఱవాండ్రకు పెట్టిన పోటీల రీతి మిక్కిలి గమనింపదగినది. ఒక పోటీలో బంతిని కాళ్లవెంట నడిపించుకొని పోరాదు. వచ్చినది వచ్చినట్లే మఱియొకని కందింపవలెను. వేఱొక పోటీలో వాటము లేని కాలితోడనే బంతిని తన్నవలెను. డ్రిబ్లింగను ఆ నడిపింపును నిషేధించినచో బంతి గలవాడు క్షణమాత్రము కూడ దానిని మురిపెముగా నట్టిపెట్టుకొనజాలడు గనుక, తక్కిన పదుగురును ముందుగనే పరుగిడి ఖాళీ తావులను చేరవలసివచ్చును. తన్నువానికి రెండు కాళ్లును సమముగా వశమైనచో, బంతి యే దిక్కునకు పోవునో ప్రతిపక్షమున కంతుపట్టదు. బంతి యెవని పాదముచెంత నున్నదో వానికంటె, బంతి లేనివారు ఎచ్చట నున్నారో వారే ఆటకు ప్రాణమను ధర్మము నీ విధమున రహీం పంతులు పాఠముగా చెప్పక, నిబంధనగా నమలుపఱచెను. 1963లో ఆయన కాలధర్మము నొందిన పిదప నగరమున ఫుట్‌బాలు క్రమముగా క్షీణించి, క్రికెట్టు ఆ స్థానము నాక్రమించెను.

అట్టి నగరమునకు 1990 ప్రాంతమున జపాను నింటెండో యంత్రపు నకళ్లు వచ్చిచేరినవి. టీవీకి తగిలించు ఆ పెట్టెలో పసుపుపచ్చని క్యాసెట్టు నొక్కి పెట్టినచో, పదులకొలది ఆటల పట్టిక తెరపై నిలుచుచుండెను. మారియో, కాంట్రా మొదలగు ప్రసిద్ధములైన ఆటల నడుమ, కొన్ని క్యాసెట్టులలో ఐరెం సంస్థవారి ‘టెన్ యార్డ్ ఫైట్’ కూడ నుండెడిది. కొబ్బరికాయవంటి బంతిని చంక నిఱికించుకొని పరుగిడు ఆ యాటను కుఱ్ఱవాండ్రు రగ్బీ యనుచుండిరి. అది అమెరికా ఫుట్‌బాలని వారిలో పెక్కురకు తెలియదు. ఎవడో బంతిని తన్నును, తమవా డొకడు దాని నందుకొని పరుగిడును, ఇంతలో నెవడో వచ్చి పడవేయును. ఆరంభఘట్టము వారి కింతమాత్రమే. బంతిని తన్నినవాడెవ్వడు, వాని పక్షమువారు ఎట్లు దిగివచ్చిరి, పరుగిడువానికి దారి చేసినవా రెవరు అను విషయము లా తెరపై కానరావు.

కానరాకుండుటకు యంత్రమే కారణము. ఆ యంత్రము తెరపైని ఒక్కొక్క అడ్డుగీతమీద ఎనిమిది కదలుబొమ్మల తునకలకంటె నెక్కువ చూపజాలదు. అంతకు మించినచో బొమ్మలు మినుకుమినుకుమనుచు మాయమగును. పక్షమునకు పదునొకండుగురు చొప్పున ఇరువది యిద్దఱు గుంపుగా ఢీకొను ఘట్టమును చూపుట దానికి కష్టము గనుక, అదే యంత్రమునకు వచ్చిన టెక్మో బౌల్ అను ప్రసిద్ధక్రీడలో పక్షమునకు తొమ్మిదేసి మందినే నిలిపిరి. తొలగింపబడినవారు బంతి లేనివారే యని వేఱుగ చెప్పనక్కఱ లేదు.

ఈ లోపము అన్నిటికంటె నధికముగా బాధించునది స్పెషల్ టీమ్స్ అను విభాగమును. అమెరికా ఫుట్‌బాలులో పది గజములు సాగుటకు నాలుగు అవకాశము లుండును. మూడింటను సాగనిచో, నాల్గవదానిలో సాధారణముగా బంతిని దూరముగా తన్ని ప్రతిపక్షమునకు విడుతురు, దీనిని పంట్ అందురు. లేదా గురి సమీపమున నున్నచో, 18 అడుగుల 6 అంగుళముల యెడము గల రెండు స్తంభముల నడుమ, 10 అడుగుల ఎత్తుననున్న అడ్డుకమ్మికి మీదుగా తన్ని మూడు పాయింట్లు సంపాదింతురు. ఆటారంభమునను, సాధారణముగా స్కోరు పిదపను బంతిని తన్ని అప్పగించుట కిక్కాఫ్. ఇట్టి ఘట్టములకు ప్రత్యేక దళములు దిగును. గురికి తన్నునపుడు బంతిని కాళ్లసందుగా వెనుకకు విసరువా డొకడు, దాని నందుకొని నేలపై నిలుపువా డొకడు, తన్నువా డొకడు. ఈ మువ్వుర పనియు రమారమి 1.3 సెకండ్లలో ముగియవలెను, ఆ లోపల తక్కిన యెనమండుగురును ప్రతిపక్షము నడ్డగింపవలెను.

తెరపై నీ సమస్తమును ఒక బొటనవ్రేలి పనియైనది. చాలకాల మీ క్రీడలలో నడచిన పద్ధతి యేమనగా, తెర యడుగున నొక పట్టీ యుండును. మీట నొకసారి నొక్కినచో నందులో గీత పైకి ప్రాకును, రెండవసారి నొక్కినచోట బలము నిర్ణయమగును, గీత వెనుకకు దిగివచ్చునపుడు మూడవసారి నొక్కినచోట గురి నిర్ణయమగును. చేయి తిరిగిన కుఱ్ఱవాడు కన్ను మూసికొని మూడు నొక్కులు నొక్కగలడు. అది మొదలు గురి తప్పుట యరుదు. విసరినవాడు తడబడుట, నిలిపినవాని చేయి జాఱుట, తన్నిన బంతిని ప్రతిపక్షమువాడు అఱచేత నడ్డుట మున్నగు నిజజీవితపు ప్రమాదములకు తావు స్వల్పము. కోలగానుండు బంతి నేలదాకి యే వైపున కెగురునో చెప్పజాలమను భయమే పంట్‌లోని రసము. లెక్కకు లొంగినచో నది రసహీనమగును.

సత్యసంధత కొఱకు పట్టుపట్టినవారు లేకపోలేదు. అమెరికా ఫుట్‌బాలు శిక్షకుడు జాన్ మాడెన్, తన పేరిట రానున్న వీడియో క్రీడలో పక్షమునకు పదునొకండుగురు లేనిచో తన పేరు వాడరాదని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థతో ఖండితముగా చెప్పినందుననే, ఆ క్రీడ చాల జాగై, 1988లో ఆపిల్ టూ యంత్రమునకు వెలువడెను. అయినను తెరపై పదునొకండుగురు నిలిచినంతనే పదునొకండుగుర యాట రాదు. క్రీడను కొనువాడు బంతి గలవానిని తానుగా భావించి యాడును. వాని కన్ను బంతిని వదలదు. నిర్మాత కాలమును, ధనమును ఆ కన్నును వెంబడించును గాని, పంట్ వెన్నంటి, బంతి నందుకొనువానిని పడవేయుటకై మైదానపు టంచున నలువది గజములు పరుగిడు గన్నరను ఆటగానిని వెంబడింపవు.

మన నగరము పేరును అమెరికా ఫుట్‌బాలు మైదానమున విననైనది. 2011లో ప్రకటింపబడిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో హైదరాబాదు స్కైకింగ్స్ అను జట్టుండెను. 2012లో దాని పోటీలు కొలంబోనగరమున జరిగెను. ఆ ప్రయత్నము వేళ్లూనలేదు.

కడపట చిత్రమేమనగా, తెర సత్యమును సమీపింపకమునుపే సత్యము తెరను సమీపించినది. కిక్కాఫ్ వేళ ఇరుపక్షములు దూరమునుండి పూర్తివేగమున వచ్చి ఢీకొనుటచే గాయములు మెండగుచుండగా, అమెరికా వృత్తిసంఘమైన ఎన్.ఎఫ్.ఎల్. 2024లో ఆ ఘట్టము నామూలాగ్రము మార్చెను. తన్నువాడొక్కడు తన 35 గజముల గీతయొద్ద నుండగా, తక్కిన పదుగురును ప్రతిపక్షపు 40 గజముల గీతపైనే నిలుతురు. బంతి నేలకు గాని ఆటగానికి గాని తగులువఱకు, తన్నువాడును, అందుకొను వారును తప్ప నెవ్వరును కదలరాదు. ఆ యేటి మాడెన్ క్రీడలోను ఈ పద్ధతియే ప్రవేశించెను. దూరపు పరుగులును, వానితోడి యనిశ్చయమును తొలగిన ఈ కుదింపబడిన ఘట్టమును గణించుట యంత్రమునకు సుకరము. కావున ఇకమీదట ఒక క్రీడలోని స్పెషల్ టీమ్స్ యెంత నిజమని తీర్పు చెప్పదలచినవాడు కిక్కాఫును చూచి మోసపోరాదు. దూరపు పరుగును, బంతి యెగురుపాటును ఇంకను నిలుపుకొన్న పంట్‌నే పరీక్షగా పెట్టవలెను, అందును బంతిని విడిచి గన్నరును చూడవలెను.