ఆ పెద్దజబ్బు రోజుల్లో

ఒరే చిన్నా, ఆ కట్టె కొంచెం లోపలికి తొయ్యి, పొగొస్తోంది. నువ్విటు రా అమ్మాయ్, నా పక్కన కూర్చో. నిన్న అన్నం తింటా ఒక మాట అడిగావు గదా, "కండోము వాడటం తప్పని మన తిరుసభ అంటుంది, మరి ఎయిడ్స్ రోజుల్లో సిస్టర్ల ఆసుపత్రిలో మీరేం చెప్పేవాళ్ళు అమ్మమ్మా" అని. అన్నాల దగ్గర మాట్లాడే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నా. నర్సింగు చదివే పిల్లకి ఇది తెలియకపోతే ఎట్లా? చెప్తా వినండి.

కొంచెం వెనక నుంచి ఎత్తుకోవాలి. 1968లో నేనూ నీలాగే నర్సింగులో ఉన్నా. ఆ ఏడే సర్కారు నిరోధ్ పేరుతో కండోముల అమ్మకం మొదలుపెట్టింది. కిళ్ళీ బడ్డీలో, కిరాణా కొట్టులో, ఆసుపత్రి గోడ మీద, ఎటు చూసినా తలకిందులుగా నిలబడ్డ ఎర్ర త్రికోణమే, కుటుంబ నియంత్రణ గుర్తు. అదే ఏడు జూలైలో రోము నుంచి ఆరవ పౌలు పోపుగారి లేఖ వచ్చింది, 'హ్యుమానే వీతే' అని. అంతకు ముందు గర్భం రాకుండా సాధనాలు వాడొచ్చా లేదా అని తేల్చడానికి ఒక సంఘం వేశారు. గురువులతో పాటు డాక్టర్లు, పెళ్ళయిన ఆడామగా కూడా ఉన్నారు అందులో. 1966లో వాళ్ళలో ఎక్కువమంది పట్టు సడలించొచ్చన్నారు. లోకమంతా అదే జరుగుతుందనుకుంది. పోపుగారు మాత్రం కాదన్నారు. మొగుడూ పెళ్ళాల కలయికని బిడ్డ పుట్టే దారి నుంచి కావాలని తెంచకూడదు, బిడ్డలు ఇక చాలనుకుంటే గర్భం నిలవని రోజులు చూసుకోండి అన్నారు.

ఆ లేఖని కఠినమైందని తిట్టేవాళ్ళని చాలామందిని చూశా. నేను తిట్టలేను. ఎందుకంటే అందులోనే ఇంకో మాట ఉంది: ఈ సాధనాలు ప్రభుత్వాల చేతికి చిక్కితే జనం మీద బలవంతంగా రుద్దుతాయి, జాగ్రత్త అని. ఎనిమిదేళ్ళు తిరక్కుండానే ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77లో దేశం మొత్తం మీద 80 లక్షల పైచిలుకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఉత్తరాదిన ఊళ్ళకి ఊళ్ళు పోలీసుల్ని చూసి చేలల్లోకి పారిపోయిన రోజులవి. మనిషి ఒళ్ళు లెక్కల పుస్తకంలో అంకె కాదని ఆనాడు గట్టిగా అన్నవాళ్ళలో మన తిరుసభ ఉంది. ఆ గౌరవం నాకు ఇప్పటికీ పోలేదు.

తర్వాత సిస్టర్లు మాకు బిల్లింగ్స్ పద్ధతి నేర్పారు. ఆస్ట్రేలియాలో బిల్లింగ్స్ అనే డాక్టరు దంపతులు కనిపెట్టింది. చార్టులో రోజుకో గడి ఉంటుంది. ముట్టు రోజున ఎర్ర బిళ్ళ, పొడిగా ఉన్న రోజు పచ్చ బిళ్ళ, గర్భం నిలిచే రోజున చంటిబిడ్డ బొమ్మ ఉన్న తెల్లబిళ్ళ అంటించాలి. అక్షరమ్ముక్క రాని ఆడవాళ్ళు కూడా ఒక్క గడి తప్పకుండా అంటించుకొచ్చేవాళ్ళు. నాకు ముచ్చటేసేది. అయితే ఆ కాగితం పెళ్ళాం మాట వినే మొగుడున్న ఇంట్లోనే పని చేస్తుంది తల్లీ. "తెల్లబిళ్ళ రోజని చెప్పా సిస్టరమ్మా, తన్నాడు" అని చార్టు చేతిలో పెట్టుకుని ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందుకి పనికొస్తుంది.

ఇక జబ్బు సంగతి. మన దేశంలో మొదట 1986లో మద్రాసులో బయటపడింది. మన గుంటూరు వైపు మాకు కళ్ళారా కనపడింది తొంభైల్లో. కలకత్తా, మద్రాసు రోడ్డు మనల్ని ఆనుకునే పోతుంది. మిర్చి లోడు, పత్తి లోడు వేసుకుని లారీవాళ్ళు నెలల తరబడి తిరిగేవాళ్ళు. ముందు మొగుడు పడేవాడు. బక్కచిక్కి, ఆగని విరేచనాలతో, దగ్గుతో. వాణ్ణి పూడ్చిపెట్టిన ఏడాదికో రెండేళ్ళకో పెళ్ళాం వచ్చేది, చంకలో బిడ్డతో. 2005-06లో కేంద్రం వాళ్ళు ఇంటింటి సర్వే చేసి రక్తాలు చూస్తే, మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళలో దగ్గర దగ్గర వందకి ఒకరికి ఉందని తేలింది. ఆ రోజుల్లోనే గుంటూరు జిల్లాలో విడిగా చూసినవాళ్ళకి నూటికి 1.7 వచ్చింది. అంటే ఆదివారం పూజకి వచ్చిన వాళ్ళలో, మన పక్కన మోకరించిన వాళ్ళలో ఉన్నారన్నమాట. మనకి తెలీదంతే.

వాళ్ళని ముట్టుకునేవాళ్ళే లేరురా. కన్నకొడుకు కంచం విడిగా గోడ పక్కన పెట్టిన తల్లిని చూశా. ఆసుపత్రి గేటు దగ్గర దింపేసి ఆటో తిప్పుకుపోయిన అన్నదమ్ముల్ని చూశా. సిస్టర్లు ముట్టుకున్నారు. మా దగ్గర కేరళ నుంచి వచ్చిన ఒక పెద్ద సిస్టరుండేది. రోగులకి నోరంతా తెల్లగా పూసి మింగుడుపడేది కాదు. దూదికి జెన్షన్ వయొలెట్ అద్ది, నాలుక కింద, బుగ్గల లోపల, అంగిట్లో ఓపిగ్గా పూసేది. ఆవిడ వేళ్ళు ఎప్పుడూ ఊదారంగులోనే ఉండేవి. పూజలో సత్ప్రసాదానికి చేతులు చాపినప్పుడు కూడా అదే రంగు. తిరుసభ ఎయిడ్స్ రోగుల్ని గాలికొదిలేసిందని ఎవరైనా అంటే నాకు ఆ వేళ్ళు గుర్తొస్తాయి, గొంతు లేస్తుంది.

కానీ ఆ సిస్టరే కండోము మాట దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకునేది. ఒకమ్మాయి వచ్చింది, మన క్యాథలిక్కుల పిల్లే. పాతికేళ్ళు ఉంటాయి. మొగుడు లారీ డ్రైవరు. పెద్దాసుపత్రిలో ఇద్దరికీ పరీక్ష చేస్తే అతనికి ఉంది, ఈ పిల్లకి లేదు. ఒక కూతురు. సిస్టరు నెమ్మదిగా చెప్పింది, ఇక నుంచీ అన్నాచెల్లెళ్ళలాగా బతకండమ్మా అని. ఆ పిల్ల నేల చూస్తా కూర్చుని చాలాసేపటికి అంది, "అది నా చేతుల్లో ఉందా సిస్టరమ్మా? తాగి వస్తాడు. వద్దంటే ఊరంతా వినేట్టు అరుస్తాడు. ఆ తొడుగుంటే వేసుకుంటానన్నాడు, అంతవరకే ఒప్పుకున్నాడు. పాపమంటారని నేనే తేలేదు." ఆ భయంతోనే రెండు నెలల నుంచి సత్ప్రసాదం కూడా తీసుకోవడం లేదంట.

నేను ఆ పిల్లని వరండాలోకి తీసుకెళ్ళి, పెద్దాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, ఇవాళే వెళ్ళి తెచ్చుకో అన్నా. చెప్పాక ఫాదర్ గారి దగ్గరికి నేనే పోయా. అప్పటి మా విచారణ గురువులు బాగా చదువుకున్న మనిషి. ఉన్నదున్నట్టు చెప్పా. ఆయన కోప్పడలేదు. పుస్తకాల బీరువా తీసి కూర్చోబెట్టి వివరించారు. 1961లో కాంగోలో గలాటాలప్పుడు, సిస్టర్ల మీద అత్యాచారాలు జరిగే ప్రమాదం వచ్చినప్పుడు, రోములో ముగ్గురు వేదాంత పండితులు ఒక పత్రికలో రాశారంట, అట్లాంటి ఆపదలో ఉన్న ఆడది గర్భం రాకుండా ముందుగా మందు వేసుకుంటే అది ఆత్మరక్షణే, తప్పు లేదని. పోపుగారి లేఖలోనే పదిహేనో భాగంలో ఇంకోటుంది: జబ్బు నయం చెయ్యడానికి వాడే వైద్యం వల్ల బిడ్డ పుట్టే అవకాశం పోయినా, ఉద్దేశం అది కానప్పుడు తిరుసభ దాన్ని తప్పుపట్టదని. "కండోము ఆ లెక్కలోకి వస్తుందా అని పండితులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారమ్మా," అన్నారు, "కానీ ఈ పిల్ల బిడ్డని వద్దనడం లేదు. చావుని వద్దంటోంది. ఆ పిల్లని రమ్మను."

ఆ పిల్ల వెళ్ళింది. పాపసంకీర్తనంలో ఏం మాట్లాడుకున్నారో నాకు అక్కర్లేదు. తర్వాతి ఆదివారం వరసలో నిలబడి సత్ప్రసాదం తీసుకుంది. అది నేను చూశా.

ఇప్పుడు నా మనసులో మాట చెప్తా. ఆ ఫాదర్ గారంటే నాకు చెప్పలేనంత గౌరవం. అయినా అడిగా, "ఫాదర్, ఇదే మాట పీఠం దగ్గర నిలబడి చెప్పండి" అని. ఆయన తల అడ్డంగా ఊపారు. "అక్కడ చెబితే విచ్చలవిడిగా తిరగమన్నానని ఊళ్ళో చెప్పుకుంటారు. ఒక్కొక్కరికీ వాళ్ళ కష్టం చూసి చెప్పాలి" అన్నారు. నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు. ఆ గది దాకా వచ్చినవాళ్ళకి తెలిసింది. రానివాళ్ళో? మొగుడి జబ్బు సంగతి అత్తగారికి కూడా చెప్పుకోలేని పిల్ల ఫాదర్ గారి దగ్గరికి వస్తుందా? బిడ్డల్ని అడ్డుకునే విషయంలో తిరుసభ పట్టు నాకు అర్థమవుతుంది. ప్రాణం కాపాడుకునే విషయం వేరని బాహాటంగా చెప్పి ఉంటే, మన విచారణలో కొంతమంది ఆడవాళ్ళు ఇప్పుడు మీకు అత్తమ్మలుగా ఉండేవాళ్ళు.

లోకంలో చెప్పినవాళ్ళు లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో ప్లాటినం గనుల చుట్టూ రేకుల గుడిసెల్లో తిరిగిన కెవిన్ డౌలింగ్ అనే మేత్రాణులు 2001లోనే పైకి అన్నారు. అదే ఏడు అక్కడి మేత్రాణులంతా కలిసి ఇచ్చిన ప్రకటనలో కండోముల ప్రచారాన్ని తప్పుపట్టారు, కానీ ఒకరికి జబ్బుండి ఒకరికి లేని దంపతుల సంగతి వచ్చేసరికి వాళ్ళ మనస్సాక్షికి వదిలారు. 2006లో మిలాను మాజీ అగ్రమేత్రాణులు కార్డినల్ మార్తీని అట్లాంటి జంటలకి అది రెండు కీడుల్లో చిన్నదన్నారు. ఇంకోపక్క 2003లో రోములోనే ఒక పెద్ద కార్డినల్ టీవీలో, రబ్బరులో సన్నసన్న రంధ్రాలుంటాయి, వైరసు దూరిపోతుంది అన్నారు. అది నిజం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వెంటనే ఖండించింది. వేదం చెప్పొచ్చు, నీతి చెప్పొచ్చు. సైన్సు పేరు చెప్పి లేని భయం పెట్టకూడదు. ఆ మాట విని వాడటం మానేసినవాళ్ళకి జవాబెవరు చెప్తారు?

తర్వాత బెనెడిక్టు పోపుగారు. 2009లో ఆఫ్రికా వెళ్తా విమానంలో, కండోములు పంచితే సమస్య ఇంకా పెరుగుతుందన్నారు, గోలగోల అయింది. మరుసటి ఏడే ఒక జర్మను విలేఖరితో చేసిన సంభాషణల పుస్తకంలో, ఒళ్ళమ్ముకునే మనిషి ఎదుటివాడికి జబ్బు అంటకూడదని అది వాడితే, అది బాధ్యత వైపు మొదటి అడుగు కావచ్చన్నారు. కట్టడి తీసెయ్యలేదు, అదే చివరి పరిష్కారమనీ అనలేదు. అయినా ఆ స్థానంలో ఉన్న మనిషి నోటి నుంచి ఆ మాత్రం మాట రావడానికి అన్నేళ్ళు పట్టింది. 2016లో బ్రెజిల్ వైపు జికా వచ్చి తలలు చిన్నగా ఉన్న బిడ్డలు పుడుతున్నప్పుడు ఫ్రాన్సిస్ పోపుగారిని అడిగితే, గర్భస్రావం నేరమే, కానీ గర్భం రాకుండా చూసుకోవడం అన్నివేళలా చెడ్డదేం కాదన్నారు. ఆ కాంగో సిస్టర్ల సంగతే ఎత్తారు. పేపర్లో చదివి నేను లేచి నిలబడ్డా. మా ఫాదర్ గారు బీరువా ముందు చెప్పిన మాటే గదా! ఆయన అప్పటికే పోయారు.

నువ్వడిగినదానికి జవాబంటే, చట్టం మారలేదమ్మా. 1968 నాటి లేఖ ఇప్పటికీ అట్లాగే ఉంది. మారింది మందులు. 2004 ఏప్రిల్ నుంచి సర్కారు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2011లో పెద్ద పరిశోధన ఒకటి వచ్చింది, జబ్బున్నవాళ్ళకి తొందరగా మందులు మొదలుపెడితే జంటలో రెండోవాళ్ళకి అంటడం 96 శాతం తగ్గిందని. ఇప్పుడు నీ వార్డులో అది రోజుకో మాత్ర. ఆ మాత్ర గురించి ఏ వేదాంతీ తగువు పెట్టుకోడు.

ఆ పిల్ల మొగుడికి, ఆ లారీ డ్రైవరుకి మాత్రం ఆ మందులు అందలేదు. 2003లో పోయాడు. ఆ పిల్లకి అంటలేదు. కుట్టుమిషను పెట్టుకుని కూతుర్ని చదివించింది. కొన్నేళ్ళకి తర్వాతి ఫాదర్ గారి దగ్గరికి పోయి, పెళ్ళి కుదిరిన జంటలకి గుళ్ళో పెట్టే శిక్షణలో నాకో అరగంట ఇవ్వండని అడిగింది. ఇచ్చారు. లేచి నిలబడి తన కథంతా చెప్పి, "రక్తపరీక్ష చేయించుకోండి, కాగితాలు ఒకరివొకరు చూసుకోండి" అని అడిగింది. మొదటిసారి ఒక పెళ్ళికొడుకు తండ్రి మా ఇంటి పరువేం కావాలని గొడవకి దిగాడు. ఫాదర్ గారు ఆయన్ని కూర్చోమని, "నువ్వు చెప్పమ్మా" అన్నారు.