కమాను కట్ట: బండి వెనుకటి యెత్తు

ఏలూరు కాలువ వెంబడి గుణదల మీదుగా బెజవాడకు బండి కట్టుకొని వచ్చిన పెద్దలు మీలో కొందరుందురు. ఎడ్లబండికి కమాను లేదు. తొట్టి ఇరుసు మీదనే కూర్చుండును. ఎన్ని బస్తాలు వేసినను బండి క్రుంగదు. బరువు మితిమీరినచో ఇరుసే విరుగును. కుదుపు తగులకుండ మనము పరచుకొన్న వరిగడ్డియే ఆ బండికి కమాను. జట్కా వచ్చిన తరువాత ఇనుప కమానులను చూచితిమి. లావుపాటి ఆసామి వెనుక కూర్చున్నచో బండి వెనుకకు దిగి, ముందరి కఱ్ఱలు పైకి లేచెడివి. "ముందుకు జరగండి బాబూ" అని జట్కావాడు కేకవేయుట వినని వారెవరు?

ఆ కేకలోనే నేటి విషయమంతయు ఉన్నది. బండి వెనుకభాగము ఉండవలసిన యెత్తున ఉండవలెను.

కావడి బద్దను తలచుకొనుడు. నడుమ లావుగను కొనలయందు సన్నముగను ఉండును. ఏలయన బరువుకు వంగెడి ఒత్తిడి నడుమనే హెచ్చు. కమాను కట్టయు అట్టిదే. పొడుగు పట్టీ క్రింద పొట్టి పట్టీ, దాని క్రింద మరింత పొట్టిది, ఇట్లు పేర్చి నడుమ బోల్టుతో బిగింతురు. బరువు రెట్టింపైన వంపు రెట్టింపగునను సూత్రమును ఇంగ్లండు దేశపు రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. 1804లో లండను నగరమున బండ్లు కట్టెడి ఒబడయా ఎలియట్ అనువాడు, కోడిగ్రుడ్డు ఆకృతిగల కమానులపై బండి తొట్టిని నిలిపెడి పద్ధతికి పేటెంటు పొందెను. మోటారు వచ్చినప్పుడు గుఱ్ఱము పోయినది గాని కమాను పోలేదు.

మనకు చిరపరిచితమైన అంబాసిడరు కారు 1958 మొదలు 2014 వఱకు కలకత్తా చెంత ఉత్తరపాడాలో తయారైనది. దాని వెనుక ఇరుసు ఈ కమాను కట్టల మీదనే నిలిచెను. నలుగురెక్కవలసిన చోట తొమ్మండుగురెక్కి, పైన పెండ్లి సామాను కట్టిరి. ఉక్కునకు సైతము అలసట కలదు. ఏండ్లు గడచిన కొలది వంపు చదునై, వెనుకభాగము కూలబడెను.

ఇట్టి చిక్కు మనకే కాదు. 1964 ఏప్రిలులో అమెరికాలో ఫోర్డు కంపెనీవారి ముస్టాంగు వెలువడినది. దానివంటి మహాబలముగల ఇంజనుల కార్లను అచ్చట మజిల్ కార్లందురు, అనగా కండగల కార్లు. 1967 మోడలుగా వచ్చిన షెవర్లే కమారోకు ప్రక్క కొక్కటే పట్టీ. ఇంజను ఒక్కుమ్మడి లాగినప్పుడు ఆ ఒంటి పట్టీ మెలివడి చక్రములు ఎగిరిపడెడివి. మరుసటి యేడు బలమైన ఇంజనులకు పెక్కు పట్టీలు వేయవలసి వచ్చెను. పిమ్మట కుఱ్ఱవాండ్రు అందము కొఱకని కమాను కొనలను పట్టియుంచు లంకెలను పొడిగించి, వెనుకభాగమును ఆకాశమున కెత్తిరి. మనవారి బాధ క్రుంగుట, వారి వేడుక ఎత్తుట, రెండును తప్పే. వెనుక క్రుంగినచో దీపముల వెలుగు ఎదుటివాని కన్నులలో పడును, ముందు చక్రముల పట్టు సడలును. వెనుక మితిమీరి యెత్తినచో బ్రేకు వేయునప్పుడు బరువు ముందుకు ఒరగి వెనుక చక్రములు జారును.

మా బంధువుల యింట ఒక పాత అంబాసిడరున్నది. వెనుక క్రుంగినదని ఒక మరమ్మతుశాలకు ఇచ్చిరి. వారు లారీకి వేయదగినంత మందపు పట్టీ నొకటి అదనముగా చేర్చిరి. కారు లేచినది, కాని ఆనాటినుండి అది యెడ్లబండియే. పెండ్లికుమార్తె తలపాపిట బిళ్ళ నిలువలేదని ఇంటి ఆడవారు నేటికిని చెప్పుదురు. పిమ్మట గుణదలకు అనతిదూరమున ఉన్న ఆటోనగరులో ఒక ముదుసలి కమాను పనివానికి చూపితిమి. అతడు సుత్తి ముట్టలేదు. మొదట టేపు తీసెను. చదునైన నేలమీద బండిని నిలిపి, చక్రములలో గాలి సరిచూచి, ప్రతి చక్రపు నడిమినుండి పైరేకు అంచువఱకు కొలిచెను. ఎడమ కంటె కుడి వైపు అంగుళము తక్కువ. "ముందు వైపు కూడ చూడవలెను, ముందు దిగినను వెనుక లేచినట్లే కనబడును" అనెను.

పట్టీలను విడదీసి, పగిలినవి పారవైచి, తక్కినవాటిని ఎఱ్ఱగా కాల్చి వంపు దిద్ది, నూనెలో ముంచి, మరల మితముగా కాచి పదును సరిచేసెను. ఈ చివరి కాపు లేనిచో పట్టీ గాజువలె విరుగును. కాల్చి ఊరకే చల్లార్చినచో మెత్తబడి నెలలలోనే కూలబడును. మన ఊరి కమ్మరికి కొడవలి నేర్పిన పాఠమే యిది. కాల్చకుండ సుత్తితో కొట్టి తెచ్చిన వంపును అతడు నమ్మడు.

కట్ట బిగించునప్పుడు మరియొక సంగతి గమనించితిని. రబ్బరు బుష్షులుగల కొనల బోల్టులను బండి జాకీమీద ఉండగా బిగింపలేదు. చక్రములు నేలకు దించి, బరువు పడిన తరువాతనే కడసారి బిగించెను. గాలిలో బిగించినచో రబ్బరు మెలివడి బండి తన యెత్తునకు దిగదట.

అదనపు మందపు పట్టీని అతడు మాకే తిరిగి యిచ్చెను. అది ఇప్పుడు పశువుల కొట్టము తలుపునకు గడియగా నున్నది. కారులో వెనుక ముగ్గురు కూర్చున్నచో రెండంగుళములు దిగును. దిగవలసినదే.