సొరుగు లాగి చూస్తేనే అసలు వయసు

పాత సామాను విషయంలో గొప్ప పండితులు కూడా బోల్తా పడతారని చెప్పడానికి హొరేస్ వాల్‌పోల్ ఒక్కడు చాలు. బ్రిటన్ ప్రధానిగా చేసిన రాబర్ట్ వాల్‌పోల్ కొడుకు. 1764లో అచ్చయిన 'ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' నవల రాసింది ఇతనే. లండన్ దగ్గర స్ట్రాబెరీ హిల్‌లోని తన ఇంటిని పాత వస్తువులతో నింపుకున్నాడు. వాటిలో నల్లని ఎబొనీ కుర్చీలున్నాయి. మెలితిరిగిన కాళ్లు, ఒళ్లంతా చెక్కుడు పని. వాటిని చూసి ఇవి ట్యూడర్ రాజుల నాటి ఇంగ్లీషు సామానని తేల్చేశాడు. అతని మాట మీద గౌరవంతో తర్వాతి తరాల వాళ్లూ అదే నమ్మారు. తీరా చూస్తే ఆ తరహా సామాను 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరాన మన దేశపు వడ్రంగులు చేసి ఓడెక్కించినది.

ఆ కోరమాండల్ తీరంలో మన నెల్లూరు తీరమూ భాగమే. డచ్చివాళ్లు 1613లో పులికాట్‌లో కోట కట్టారు. ఇంగ్లీషువాళ్లు 1626లో దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్‌లో స్థావరం వేశారు. అప్పట్లో ఈ తీరం నుంచి బట్టలతో పాటు ఎర్రచందనం కూడా యూరప్‌కు పోయేది, బీరువాలకు కాదు, రంగు తీయడానికి. ఆ చెట్టు ఉదయగిరి, మర్రిపాడు వైపు వెలిగొండల్లో పెరిగేదే. దాన్ని బల్లలకూ కుర్చీలకూ వాడుకున్నది చైనావాళ్లు. చింగ్ చక్రవర్తుల కొలువులో అన్నిటికన్నా విలువైనదిగా ఎంచిన 'జితాన్' కలప మన ఎర్రచందనమేనని సాధారణంగా చెబుతారు.

వాల్‌పోల్ చేసిన పొరపాటే నేడు పాత సొరుగుల బీరువా కొనేవాళ్లూ చేస్తున్నారు. ముందు వైపు చెక్కడం, ఇత్తడి పిడులు, మెరిసే పాలిష్ చూసి బేరం తెంపేస్తారు. వయసు తెలిసేది ముందు వైపు కాదు. వడ్రంగి ఎవరూ చూడరనుకుని వదిలేసిన చోట: వీపున, అడుగున, సొరుగు లోపల.

మన పాత ఇళ్లలో సొరుగుల బీరువా అరుదు. ఉన్నది భోషాణం. మూత పైకి ఎత్తే పెద్ద పెట్టె. ఇత్తడి బిందెలూ, పట్టుబట్టలూ, దస్తావేజులూ అందులోనే. రాత్రికి దానిమీదే పక్క వేసుకుంటే అదే కాపలా. అడుగున ఉన్న కాగితం కావాలంటే పైనున్నదంతా తీసి బయట పెట్టాలి. ఆ బాధ లేకుండా దేనికది విడిగా తెరిచే సొరుగుల వరస ఇంగ్లండ్‌లో 17వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. అక్కడి నుంచి కంపెనీ నౌకర్లతో పాటు మన తీరానికి దిగింది.

దిగాక దాని రూపం మారిపోయింది. కంపెనీవాళ్లు తెచ్చిన నమూనాలు చూసి విశాఖపట్నం పనివాళ్లు టేకు, ఎబొనీ, జిట్రేగి చెక్కల్లో ఏనుగు దంతం పొదిగి రాతబల్లలు, సొరుగుల పెట్టెలు చేశారు. దంతం మీద సన్నటి గీతలు గీసి వాటిలో లక్క నింపేవారు. అంచుల్లో పాకే పూలతీగలు ఈ తీరపు అద్దకం చీటీగుడ్డల మీద ఉన్న తీగలకు అక్కచెల్లెళ్లే. 1756లో అక్కడికి వచ్చిన మేజర్ జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఆ ఊరి చీటీగుడ్డలనూ, ఈ పొదుగుడు పనినీ రెండింటినీ మెచ్చుకున్నాడు. శతాబ్దం చివరికొచ్చేసరికి చందనపు పెట్టెలకు పలచటి దంతపు రేకులు పూర్తిగా తొడిగి, వాటి మీద ఇంగ్లీషు భవంతుల బొమ్మలు గీయడం మొదలైంది. అవి ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల అద్దాల వెనక ఉన్నాయి.

మన పల్లెల దాకా వచ్చింది వేరే రకం. 1801లో కర్ణాటక నవాబు నుంచి నెల్లూరు సీమ కంపెనీ చేతికి పోయింది. అప్పటి నుంచి దొరల మకాం సగం రోజులు గుడారాల్లోనే. వాళ్ల సామానులో దండు పెట్టె ఒకటి ఉండేది. చూడటానికి ఒకే బీరువా. పట్టి ఎత్తితే అడ్డంగా రెండు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కను బండిలోకో కావడికో ఎత్తవచ్చు. మూలలకు ఇత్తడి రేకు, దారిలో రాసుకోకుండా చెక్కలోకి దిగిన పిడులు, మర తిప్పి ఊడదీసే కాళ్లు. అలంకారం కోసం పెట్టినది ఒక్కటీ లేదు. ఈ రోజు పాత సామాను అంగళ్లలో 'మిలిటరీ చెస్ట్' పేరుతో అమ్మేవి ఈ కోవకు చెందినవే. వాటికి నకళ్లూ ఎక్కువే. రెండు ముక్కలుగా విడిపోనిది, మూలల ఇత్తడి చెక్కలోకి దిగకుండా పైన మేకులు కొట్టి ఉన్నది అయితే అనుమానించండి.

ఇక కొనేటప్పుడు చేయాల్సిన పని. సొరుగును పూర్తిగా బయటికి లాగండి. ముందు పలక, పక్క పలక కలిసే మూలలో పళ్లూ గాట్లూ ఒకదాంట్లో ఒకటి దిగి ఉంటాయి. అన్నీ ఒకే కొలతలో, ఒకే ఎడంలో ఉంటే మిషను కోసినవి. ఒకటి సన్నగా, ఒకటి లావుగా, పక్కనే గుర్తు కోసం గీసిన గీత కనబడితే చేత్తో ఉలి పట్టి చేసిన పని. సొరుగును బోర్లించి అడుగు చూడండి. రంపపు గీతలు తిన్నగా, హెచ్చుతగ్గులుగా ఉంటే చేతి రంపం కావచ్చు, వంపు తిరిగి ఉంటే చక్రపు రంపం; అది ఊపందుకున్నది 19వ శతాబ్దంలో. ప్లైవుడ్ అడుగు కనిపిస్తే ఆ భాగమైనా 20వ శతాబ్దానిది. ఒక స్క్రూ విప్పించండి. మొన మొద్దుగా, తలమీద గాటు ఒక పక్కకు జరిగి ఉంటే పాతది. సూదిమొన స్క్రూలు 19వ శతాబ్దం మధ్యలో వచ్చాయి. ప్లస్ గుర్తు తల ఉన్నవి 1930ల నుంచి వచ్చినవి. తాళం మీద చబ్ పేరుంటే 1818 తర్వాతిది.

అతుకుల్లో తెల్లగా గట్టిపడిన జిగురు ఉంటే ఫెవికాల్ కాలపు మరమ్మతు. ఆ కంపెనీ మొదలైంది 1959లో. అంతకు ముందు వాడింది తోళ్లూ ఎముకలూ మరిగించి చేసిన గోధుమరంగు బంక. మరమ్మతు ఉన్నంత మాత్రాన వద్దనకండి. నూరేళ్లు వాడిన వస్తువుకు మరమ్మతు లేకపోతేనే ఆలోచించాలి. సొరుగు జారే పట్టీలు అరిగి ఉండాలి, పిడి చుట్టూ చేయి తగిలి నునుపెక్కి ఉండాలి, పిడి వెనక పాత చిల్లులు ఉంటే వాటికి లోపలి వైపు కూడా జత కుదరాలి. లప్పం పూసి, ముదురు పాలిష్ కొట్టి, వీపు కూడా తళతళలాడుతున్నదాన్ని వదిలేయండి.

చెక్క ఏమిటో కూడా అడగండి. మన ఇళ్లలో కనిపించే పాత బర్మా టేకు సామాను కథ, ఇంగ్లీషువాళ్లు 1852లో దిగువ బర్మానూ 1885లో మిగతాదాన్నీ పట్టుకున్నాక ఊపందుకుంది. ఆ దుంగలు ఓడల మీద మద్రాసు తీరానికి చేరాయి. 1923లో గోద్రెజ్ ఇనప బీరువాలు మొదలుపెట్టాక చెక్క పెట్టెలు మెల్లగా వంటింటి మూలకూ వసారాకూ జరిగాయి.

పురుగు సంగతి తేల్చుకోవడం సులువు. బీరువా కింద తెల్లకాగితం పరిచి రాత్రంతా ఉంచండి. పొద్దుటికి లేత రంగు పిండి రాలి ఉంటే పురుగు ఇంకా బతికే ఉంది. ఇంటికి తెచ్చాక గోడకు ఆనించకుండా జానెడు ఎడం పెట్టండి. చెదలు ఎక్కువగా వచ్చేది గోడ వెంబడే.

మర్రిపాడు, ఆత్మకూరు వైపు వాళ్లకు ఇంకో మాట. ఇక్కడి మే ఎండకు చెక్క ఎండి సొరుగులు వదులవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు ఉబ్బి ఇరుక్కుంటాయి. నవంబరులో సొరుగు రాలేదని వెంటనే చిత్రిక పట్టించకండి. పట్టిస్తే వేసవిలో అది గడగడలాడుతుంది. పట్టీల మీద కొవ్వొత్తి రుద్ది, గాలి ఆరే దాకా ఆగండి.

చట్టం కూడా తెలుసుకుని కొనాలి. నూరేళ్లు దాటిన కళావస్తువులకు 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం వర్తిస్తుంది. అమ్మేవాళ్లకు లైసెన్సు కావాలి. దేశం బయటికి పంపడానికి మామూలు మనుషులకు వీల్లేదు. అమెరికాలో ఉన్న కొడుకు ఇంటికి అవ్వ పెట్టెను పంపాలనుకునే కుటుంబాలు ఇది గుర్తుంచుకోవాలి. దంతం పొదిగిన వస్తువు కొనడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎర్రచందనపు బీరువా అని ఎవరైనా చెబితే అటవీ శాఖ కాగితాలు చూపమనండి. లేవంటే అక్కడితో బేరం ఆపేయండి.

నికార్సైన పాతది దొరకలేదా? పాత మిద్దె విప్పిన చోట టేకు దూలాలు అడగండి. దశాబ్దాల పాటు కప్పు కింద ఆరిన ఆ చెక్క కొత్త చెక్కలా వంకర్లు పోదు. చేసే చేతులకూ మన దగ్గర కరువు లేదు. చెక్క చెంచాలు, గరిటెలు చెక్కి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు ఉదయగిరి. వడ్రంగికి మీరు పెట్టాల్సిన షరతు ఒక్కటే: కింది సొరుగు అడుగున తన పేరు, ఊరు, సంవత్సరం ఉలితో చెక్కమనండి. విశాఖ పనివాళ్లు అంత గొప్ప సామాను చేసినా, అద్దాల వెనకున్న వాటిలో చాలావాటి మీద చేసినవాళ్ల పేరు లేదు. స్ట్రాబెరీ హిల్ కుర్చీల అడుగున ఆ మూడు ముక్కలూ చెక్కి ఉంటే, వాటిని ట్యూడర్ రాజుల ఖాతాలో వేయడం వాల్‌పోల్ తరమయ్యేది కాదు.